తెర వెనక నుంచి చూసిన ఇంటర్వ్యూ

1962, జనవరి నెల, శనివారం సాయంత్రం. తెరకు ముందువైపు పంచాయతీ ప్రెసిడెంటుగారు, ఆయన బంధువులు కుర్చీల్లో, మిగతా ఊరివాళ్లు చాపల మీద. తెరకు వెనకవైపు మా పేటవాళ్లందరూ, మా పెద్దమ్మ, నేను. ప్రెసిడెంటుగారి మామిడితోట కాపలాదారు ఎటూ కాకుండా గుంజ పక్కన.

ఆ రోజు డైరీలో వచ్చినవాళ్లను ఇలాగే రెండు వైపులుగా రాసుకున్నాను. చాట్రాయి వైపు పోయే రోడ్డు మీద మా ఊరు. ఊరికి ఆనుకుని మా క్రైస్తవపేట. పేటలోని బడిలో నేను అప్పుడే టీచరుగా చేరాను. ఎన్నికలు దగ్గర పడడంతో విస్సన్నపేట నుంచి ప్రచారశాఖ వ్యాను వచ్చింది. రెండు గుంజలకు తెల్లగుడ్డ కట్టి ఉచితంగా బొమ్మలు చూపించేవాళ్లు. ముందు ఊరు, వెనక పేట. ఎవరి చోటేదో ఎవరూ చెప్పక్కర్లేదు. మా వైపు నుంచి బొమ్మ ఎడమ కుడి తిరగబడి కనిపించేది. అక్షరాలు చదవలేకపోయేవాళ్లం. మిగతాదంతా బాగానే ఉండేది.

పొలాలు, ఆనకట్టలు చూపించాక ఒక పెద్ద నాయకుడు తెర మీదికి వచ్చాడు. ఆయన ఫొటో మా ఇళ్లలో చాలావాటిలో ఉంది. మాట్లాడగా చూడడం మాత్రం అదే మొదలు. ఆయన ఎదురుగా కుర్చీలో ఒక పత్రికాఫీసు కుర్రవాడు. కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"ఓరి దేవుడా, కాలు చూడు!" అంది మా పెద్దమ్మ. "ఆయన ముందరే!"

పేటంతా గుసగుసలాడింది. మేం ప్రెసిడెంటుగారి అరుగు ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచే రోజులవి.

కుర్రవాడు అడిగాడు. "పోయిన ఎన్నికల్లోనూ ఇదే మాట అన్నారు కదండీ. ఏమైంది?"

నాయకుడు కళ్లజోడు తీశాడు. ఉత్తరీయంతో తుడుచుకున్నాడు. "మాట నిజమే. అన్నాం. చేయలేకపోయాం," అన్నాడు.

అంత పెద్దమనిషి నోట ఆ మాట వస్తుందని ఎవరనుకుంటారు? పక్కకు చూశాను. పెద్దమ్మ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఆమె మనసులో ఏముందో నాకు తెలుసు. ఐదేళ్ల క్రితం ఎన్నికల్లో మా అభ్యర్థి పేటకు వచ్చి, మంచినీళ్ల బావి తవ్విస్తానని తన చేతులతో గునపం వేశాడు. ఆ గుంత ఇప్పటికీ మోకాలి లోతే. నీళ్లకు మాకు ప్రెసిడెంటుగారి తోటలో ఇంజను నీళ్లే దిక్కు. వేసవిలోనే కాదు, ఆ జనవరికే వాగులో చెలమలు ఎండిపోయాయి.

కుర్రవాడు ముందుకు వంగాడు. "అయితే..." అన్నాడు.

అంతలో తెర మీద పెద్ద నీడ లేచింది. నాయకుడికీ ఆ కుర్రవాడికీ మధ్య కొండలా నిలబడింది. అవతలి నుంచి ప్రెసిడెంటుగారి గొంతు వినిపించింది.

"ఎవడ్రా ఆ కుర్రకుంక? కాలు దించరా!"

"అది బొమ్మండీ బాబూ, దానికి వినపడదు," అన్నాడు వ్యాను అతను.

"బొమ్మయితే మాత్రం? పెద్దాయన్ని పట్టుకుని అలా నిలదీస్తుంటే మా ఊళ్లో చూపిస్తావా? ఆపు!"

వెలుగు ఆరిపోయింది. అప్పుడు నా పక్కనుంచే మాట వచ్చింది.

"ఆపుతారేంటండీ అయ్యగారూ? ఆ అబ్బాయి ఏదో అడగబోతున్నాడుగా, అడగనివ్వండి."

పెద్దమ్మ! నాయకుడి మాటకన్నా ఆ మాటకు నేను ఎక్కువ అదిరిపోయాను. అవతలి వైపు నుంచి, "ఎవత్తే అది?" అని వినిపించింది. ఆ గొంతు ఎవరిదో ఊళ్లో తెలియనివాళ్లు లేరు.

మర్నాడు పొద్దున్నే తోట గేటుకు తాళం ఉంది. తోటంతా పూత మీద ఉంది, ఆ వాసన రోడ్డు దాకా వస్తోంది. గేటు ముందు ఖాళీ కడవలతో మా ఆడవాళ్లు. కాపలాదారు తలెత్తలేదు.

"నేనేం చేసేది వదినా? వెయ్యమన్నారు, వేశాను. తాళంచెవి అయ్యగారి దగ్గరే ఉంది."

"నీ వల్లే ఇదంతా," అని ఒకావిడ పెద్దమ్మ మీద విరుచుకుపడింది. "పిల్లలకి ఏం పొయ్యమంటావు, నీ నోరా?"

పెద్దమ్మ చంకలోని కడవ దించలేదు.

అంతలో జీపు వచ్చింది. బావికి గునపం వేసిన ఆ అభ్యర్థే మళ్లీ, ఆయన పక్కన ప్రెసిడెంటుగారు. తోటలో కాఫీ తాగి ప్రచారానికి బయల్దేరాలని. దారి నిండా కడవలుండడంతో జీపు ఆగింది. అభ్యర్థి దిగి దణ్ణం పెట్టాడు. మా ముఖాలు చూశాడు. కళ్లజోడు తీశాడు. ఉత్తరీయంతో తుడుచుకున్నాడు.

"బావి మాట నిజమే. అన్నాం. చేయలేకపోయాం," అన్నాడు.

అదే తుడుపు, అదే మాట! ఆ బొమ్మ అంతకు ముందే ఏ ఊళ్లోనో చూసి నేర్చుకున్నట్టుంది. చెప్పేసి, మేం మెచ్చుకుంటామని నిలబడ్డాడు.

పెద్దమ్మ కడవ కింద పెట్టింది. గేటు పక్కన తూము గట్టు మీద, ఆయనకు ఎదురుగా కూర్చుంది.

"లేవవే!" అని అరిచారు ప్రెసిడెంటుగారు.

"లేస్తానండి అయ్యగారూ. రాత్రి ఆ అబ్బాయి అడగబోతే మీరు ఆపేశారు. ఆ మాటేదో నేను అడిగి లేస్తాను." అభ్యర్థి వైపు తిరిగింది. "బావి తవ్వించలేకపోయారు, సరే బాబూ. ఈ తాళం తీయించగలరా?"

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. గేటు చూశాడు, కడవలు చూశాడు, కడవల వెనక మమ్మల్నందరినీ చూశాడు. ప్రెసిడెంటుగారి వైపు చూడకుండానే చెయ్యి చాపాడు. చాలాసేపు ఆ చేతిలో ఏమీ పడలేదు. చివరికి ప్రెసిడెంటుగారు జేబులోంచి తాళంచెవి తీశారు.

కాపలాదారు గేటు తెరిచాడు. ఇంజను దగ్గి దగ్గి అందుకుంది. పెద్దమ్మ అప్పుడు లేచింది.

కాఫీకి లోపలికి పోదామని జీపు కదలబోయింది. మొదటి కడవ నెత్తిన పెట్టుకుని వస్తూ ఆమె గేటు మధ్యలో ఆగి, "కాస్త వెనక్కి తీయించండి బాబూ, కడవలొస్తున్నాయి," అంది.

జీపు వెనక్కి వెళ్లింది.