గో చెప్పిన తమ్ముడు

కోవిడ్ తర్వాత ఆఫీసులు మళ్ళీ తెరుచుకున్న ఏడాది, కెనడాలోని కిచెనర్‌లో డెంటల్ క్లినిక్‌లకు అపాయింట్‌మెంట్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో నన్ను డెవలప్‌మెంట్ మేనేజర్‌గా వేశారు. అక్కడ డైరెక్టర్‌నైనా పేరు పెట్టే పిలవాలి. నా టీములోని తెలుగువాళ్లు మాత్రం నన్ను ‘అన్నా’ అనేవారు. నేను వారించలేదు. సమానత్వం డైరెక్టర్‌కు అందంగా ఉంటుంది, నాకెందుకు?

ఆ రోజుల్లోనే హెచ్ఆర్ వాళ్లు లంచ్ టైములో ఏదైనా మాట్లాడమంటే పాతకాలపు చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్‌ను ఎత్తుకున్నాను. రాజు-మంత్రి, తండ్రి-కొడుకు, భర్త-భార్య, అన్న-తమ్ముడు, స్నేహితులు: ఆ బోధలోని ఐదు బంధాల్లో నాలుగింట ఒకరు పైన ఉంటారు. అది నాకు తెగ నచ్చింది. పైవాడు కిందివాణ్ణి కాపాడాలనీ, పైవాడు తప్పుచేస్తే కిందివాడు ఎదురు చెప్పాలనీ కూడా అందులో ఉంది. టైము చాలక ఆ స్లైడు తీసేశాను.

కొత్త వెర్షన్ విడుదలకు ముందు గో-నోగో మీటింగ్ ఉండేది. ఒక్కొక్కరూ ‘గో’ అనో ‘నో’ అనో చెప్పాలి. లోపాలు పట్టే టెస్టర్ ‘నో’ అంటే విడుదల ఆగిపోతుంది. మా టెస్టర్ నరేష్‌ది వరంగల్. ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాడు. కెనడాలో శాశ్వతంగా ఉండనిచ్చే పీఆర్‌కు అప్లై చేయాలంటే అతనికి ఈ ఉద్యోగమే ఆధారం. మీటింగుకు ముందు కాఫీ మెషీన్ దగ్గర నన్ను పట్టుకున్నాడు.

“అన్నా, ఒకే టైముకు ఇద్దరికి అపాయింట్‌మెంట్ పడ్తున్నది. నేను నో చెప్త.”

“రెడీ అని డైరెక్టర్‌కి చెప్పేశాను తమ్ముడూ. అందరి ముందూ అన్న పరువు తీస్తావా?”

“అట్ల కాదన్నా...” అని నసిగాడు. మీటింగులో ‘గో’ అన్నాడు.

విడుదలైన సోమవారం క్లినిక్‌లలో ఒక్కో కుర్చీకి ఇద్దరేసి దవడ పట్టుకుని వచ్చారు. తర్వాత ‘బ్లేమ్‌లెస్ రివ్యూ’ పెట్టారు. అంటే ఎవరినీ నిందించకుండా, ఎవరిని తీసేయాలో తేల్చే సమావేశం. టెస్టర్ ఈ లోపం ముందే చెప్పాడా అని డైరెక్టర్ నన్నడిగాడు. నా దృష్టికి రాలేదన్నాను. నరేష్ నావైపు చూసి తలదించుకున్నాడు. అన్న మాటకు అడ్డు చెప్పని తమ్ముణ్ణి తయారుచేయడంలో నా శిక్షణ అంత బాగుంది.

ఆ వారమే అతని ఉద్యోగం తీసేశారు. వెళ్లేముందు లిఫ్టు దగ్గర, “మీరే చెప్తరనుకున్న అన్నా,” అన్నాడు. పీఆర్ వెనక్కి పోయింది. ఎక్కడో దూరాన సస్కటూన్ ఊళ్లో మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాడని విన్నాను. నేను మాత్రం కేకు కోయించుకుని మరీ నిరుడు ముందస్తుగా రిటైరయ్యాను.

ఆ కంపెనీలో ఈనాటికీ ఆ తప్పు నరేష్ పేరు మీదే చెప్పుకుంటారు. నరేష్ ముందే హెచ్చరించాడు. అతని నోరు నొక్కింది నేను. ‘అన్నా’ అని పిలిపించుకున్నవాడు తమ్ముడి మీద పడే దెబ్బకు తాను అడ్డం నిలబడాలి. అది చేతకాని మేనేజర్ మొదటి రోజే తనను పేరు పెట్టి పిలవమనాలి.