ఖాళీ దొడ్లు

మా ఊరికీ గుట్ట అవతలి ఊరికీ నడుమనున్న మేత జాగాలో మందుల ఫ్యాక్టరీ కడతామని కంచె వేశారు. గొర్లు మేపుకొని బతికే రెండు ఊళ్లకూ ఉన్నది ఆ జాగా ఒక్కటే. అధికారులు టెంటు వేసి జనం అభిప్రాయం అడిగే రోజున రెండు ఊళ్లవాళ్లం కలిసి పోయి అడ్డంగా కూర్చోవాలనుకున్నాం. అనుకోవడానికేం, ఎన్నయినా అనుకుంటాం.

ముందు వాళ్ల పెద్దమనుషులు మా ఊరికి వచ్చారు. పేరుకు మాట్లాడుకోవడానికి; అసలు సంగతి, మేమెంత గట్టిగా ఉన్నామో చూసిపోవడానికి. అమ్మ కోడికూర వండింది. చేతులు కడుక్కుంటూ వాళ్లు మా దొడ్డి వైపు చూశారు. కొన్నాళ్లకు మేం వాళ్ల ఊరికి పోయాం. వాళ్లూ కోడికూరే పెట్టారు. పెద్దమనుషులు వస్తే మందలోంచి యాటను కోయడం మా దిక్కు మర్యాద. బాపు తింటూనే వాళ్ల దొడ్డి చూశాడు. ఖాళీగా ఉంది.

బయటికి వచ్చాక, "మందను అమ్ముకున్నరు వీళ్లు. మనల్ని ముంగటేసి పక్కకు జరుగుతరు" అన్నాడు.

"అడుగకపోయినవా బాపు?"

"గొర్ల ముచ్చట అడుగుతరా ఎవలన్న? దిష్టి తగులుతది."

నిజమే, మాలో అడగరు, చెప్పరు. ఫోన్లో కూడా తిన్నవా, పన్నవా అనే తప్ప మంద ఊసెత్తరు. కంచె పడ్డాక మేత లేక, మా మందను చిన్నాయిన ఎండలు ముదరకముందే, వాళ్లు మా ఊరికి రాకముందే, కృష్ణ ఒడ్డుకు తోలుకుపోయాడు. ఆ సంగతి వాళ్లకు చెప్పాలని మాకు తోచనే లేదు.

బాపు మాట ఊరంతా పాకింది. ఆ రోజు టెంటు కింద మా ఊరివాళ్లం కొద్దిమందిమే. వాళ్ల ఊరి నుంచీ అంతే. ఇటు బాపు లేచి వద్దన్నాడు, అటు ఒక ముసలాయన లేచి వద్దన్నాడు. అధికారులు రాసుకున్నారు. మధ్యాహ్నానికి టెంటు విప్పేశారు. నాకు కోపం కూడా రాలేదు. ఇంటికి పోయి పడుకుంటే చాలనిపించింది.

వానలు పడ్డాక చిన్నాయిన మందతో తిరిగొచ్చాడు. చెంబెడు నీళ్లు తాగి అరుగు మీద కూలబడ్డాడు.

"గుట్టవతలోళ్లు మంచోళ్లే అన్నా. కంచె పడ్డదని వాళ్లు గూడ జల్దినే వచ్చిండ్రు. ఎండకాలమంత రెండు మందలు ఒక్కకాడనే మేపినం. మొన్న వచ్చేటప్పుడు యాటను కోసి పెట్టిండ్రు."

బాపు అతని ముఖంలోకి చూడలేదు. లేచి దొడ్డికి తడిక అడ్డం పెట్టాడు. లోపల గొర్లు ఆకలికి అరుస్తున్నాయి.

"పొద్దుగాల ఎటు తోలాలె అన్నా?" అని చిన్నాయిన అడిగాడు.