సముద్రం చూసొచ్చిన బొమ్మన్న

మా ఊరు మంగళవాడలో ఎవరైనా కాస్త గొప్పలు పోతే "ఏంప్పా, బొమ్మన్న మాదిరి సముద్రం చూసొచ్చినావా?" అని ఎగతాళి చేస్తారు. ఆ మాటనేవాళ్ళలో సగం మంది ఆయనకు చేసిన పని తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

బొమ్మన్నకు కాస్త మెట్టచేను, నల్లప్ప అనే తమ్ముడు, కరియమ్మ అనే భార్య. పిల్లల్లేరు. పెళ్ళయిన కొన్నేళ్ళకు కరియమ్మ పెదవుల మీద, చేతుల మీద బొల్లి మచ్చలు వచ్చాయి. చర్మం రంగు పోవడమే తప్ప అది అంటుకునేదీ కాదు, ప్రాణం తీసేదీ కాదు. ఆమె పోయింది విషజ్వరంతో. అయితే మా వైపు ఒక పాడు నమ్మకం ఉంది. బొల్లి ఉన్న మనిషిని పూడిస్తే మబ్బులు ఆ ఊరి మొహం చూడవట, అందుకని కాల్చేయాలట. మా ఇళ్ళలో మిగతా అందర్నీ పూడ్చడమే ఆచారం. ఊరి పెద్దమనిషి సోమప్ప వచ్చి, కరియమ్మను కాల్చాల్సిందేనని అడ్డం నిలబడ్డాడు.

బొమ్మన్న చేతిలో పార పట్టుకుని, "నా పెండ్లాన్ని నా చేన్లో పూడుస్తాండా. అడ్డం వచ్చినోన్ని గూడా ఆయమ్మ పక్కనే పూడుస్తా" అన్నాడు. సోమప్ప పక్కకు తప్పుకున్నాడు. కరియమ్మను చేను గట్టున పూడ్చాడు.

ఆ ఏడు వాన రాలేదు. మరుసటి ఏడూ అంతే. వేసిన వేరుశెనగ విత్తనం దుమ్ములోనే మాడిపోయింది. ఊరి కళ్ళన్నీ ఆ మట్టిదిబ్బ మీద పడ్డాయి. ఇంట్లో గింజ లేక బొమ్మన్న మంగళూరుకు పనికి పోవలసి వచ్చింది. పోయే ముందు తమ్ముడి చేత ఒట్టు వేయించుకున్నాడు.

"వదిన నాకు తల్లి లెక్క అన్నా. ఆయమ్మను ఎవుడు ముట్టుకుంటాడో నేనూ చూస్తా. నువ్వు నిమ్మళంగా పో" అన్నాడు నల్లప్ప.

మంగళూరులో లారీల టార్పాలిన్లు కుట్టే పని దొరికింది. ఒకనాడు రేవులోకి చిరిగిన తెరచాపతో చిన్న పడవ ఒకటి వచ్చింది. తల నెరిసిన దొర, దొరసాని. సొంత దేశంలో ఇల్లు అమ్మేసి పడవలోనే కాపురం పెట్టినవాళ్ళు. బొమ్మన్న దబ్బనంతో తెరచాప కుట్టిన తీరు వాళ్ళకు నచ్చి, మాతో వస్తావా అన్నారు. కాగితాలు వాళ్ళే చేయించారు. కొన్ని నెలల పనే కదా అని ఎక్కినవాడు నాలుగేళ్ళు దిగలేదు.

ఆ పడవకు తొందర లేదు. గాలి తోస్తే కదలడం, తోయకపోతే నిలబడడం. కేరళ తీరం వెంబడి దిగి మాల్దీవులకు, అక్కణ్ణుంచి సింహళానికి, ఆ తర్వాత తూర్పు దీవులకు తిరిగారు. ఒక్కో దీవి దగ్గర లంగరు వేసి గాలి మళ్ళేదాకా నెలల తరబడి కాచుకునేవాళ్ళు. మొదట్లో బొమ్మన్నకు పేగులు నోట్లోకి వచ్చాయి, తర్వాత అలవాటయింది. తాగే నీళ్ళు కొలిచి వాడుకోవాలి. అది ఆయనకు మనం నేర్పాలా? చెంబుడు నీళ్ళతో స్నానం కానిస్తుంటే దొరసాని నోరెళ్ళబెట్టేది. వాన వస్తే ముగ్గురూ గుడ్డ పరిచి తొట్టి నింపుకునేవాళ్ళు. తొట్టి నిండాక మిగతాదంతా సముద్రం పాలే. అది చూస్తే ఆయనకు పట్టరాని కోపం వచ్చేదట.

"దేవునికి కండ్లు లేవా? మా చేన్లు వదిలిపెట్టి ఉప్పునీళ్ళల్లో పోస్తాడే!" అని పడవ మీద నిలబడి తిట్టేవాణ్ణని నాతో చెప్పాడు.

ఒక దీవిలో రేవు పనివాడొకడు చనిపోతే దొరతో కలిసి బొమ్మన్న చూడ్డానికి పోయాడు. ఆ శవానికి మొహమంతా బొల్లి. అక్కడివాళ్ళు అందరినీ పూడ్చినట్టే అతన్నీ పూడ్చారు. పూడుస్తుండగానే వాన అందుకుంది, గుంతలో నీళ్ళు తోడిపోయాల్సి వచ్చింది. పడవ అక్కడున్నన్నాళ్ళూ ఆ సమాధి మీద వాన పడుతూనే ఉంది. బొమ్మన్నకు ఇక కాలు నిలవలేదు. కళ్ళారా చూసిన ఈ సంగతి సోమప్పకు చెబితే చాలు, కరియమ్మ జోలికి ఎవరూ రారనుకున్నాడు. దొర బతిమాలినా వినకుండా, పడవ తిరిగి కొచ్చి చేరగానే దిగిపోయాడు.

వచ్చి చూస్తే చేను గట్టున మట్టిదిబ్బ లేదు, అంతా చదునుగా ఉంది. దాని మీద కూడా వేరుశెనగ పచ్చగా మొలిచి ఉంది.

తమ్ముడు మొహం చాటేశాడు. చివరికి పక్కింటి ముసలామె హొన్నూరమ్మ చెప్పింది. "ఏండ్ల తరబడి వానల్లేక, పోయిన ఎండాకాలం తవ్వినారప్పా. కిరసనాయిలు పోసి కాల్చినారు. గడ్డపార మొదులు వేసింది మీ తమ్ముడే. వారం తిరక్కుండా వాన పడె."

ఆ వాన మీద నాకు ఇప్పటికీ కసి. ఒక్క నెల ఆగి పడి ఉంటే ఏం పోయేది?

బొమ్మన్న దీవి సంగతి చెప్పాడు. సోమప్ప సాంతం విని, "ఆడ సముద్రం ఉండాదప్పా. ఈడ ఏముండాది?" అన్నాడు. నల్లప్ప ఏడుస్తూ, "బూడిద వంకలో కలిపినాం అన్నా. వదిన సముద్రానికే చేరుంటాది" అన్నాడు.

"వంక నీళ్ళు పక్కూరి చెరువు గూడా దాటవు రా. సముద్రం యాడుండాదో నాకు తెలుసు" అన్నాడు బొమ్మన్న. తమ్ముడితో ఆయన మాట్లాడిన ఆఖరి మాట అదే.

మరుసటి ఏడు వాన మళ్ళీ ఎగ్గొట్టింది. ఊరంతా కూడిన చోటికి బొమ్మన్న పోయి నిలబడి, "ఏంప్పా, ఈ తూరి ఎవురిని తవ్వుదాం?" అన్నాడు. వాళ్ళు సిగ్గుతో తల దించుకోవాలని అన్న మాట అది.

ఒక్కడూ తల దించలేదు. సోమప్ప గడ్డం గోక్కుంటూ, "హొన్నూరమ్మ మొగునికి మోచేతి కాడ మచ్చ ఉండె గదా?" అన్నాడు. నలుగురు అవునన్నారు.

హొన్నూరమ్మ అక్కడే ఉంది. బొమ్మన్న వైపు చూసి, "నువ్వెందుకు అడిగినావప్పా?" అంది.

ఆ పూటే బొమ్మన్న దుప్పటి, ముంత తీసుకుని పోయి హొన్నూరమ్మ మొగుణ్ణి పూడ్చిన సమాధి మీద పడుకున్నాడు. గడ్డపారలతో వచ్చినవాళ్ళు ఆయన్ని చూసి వెనక్కి పోయారు. తర్వాత వానలు వచ్చినా, రాకపోయినా ఆయన మకాం అక్కడే. పని ఉన్నా ఊరు దాటలేదు. పెళ్ళానికి చేయాల్సిన కాపలా, బతికుండగా తనతో నాలుగు మాటలైనా మాట్లాడని మనిషికి చేస్తూ పోయాడు.