వీధి వైపు కట్టిన బాత్రూం

మా వీధిలో నాకు మంచి పేరుంది. పక్కింటివాళ్ల బావి చెడిపోతే ఏడాది పొడవునా మా కుళాయి నీళ్లు పట్టుకోనిచ్చానని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎంత చల్లని మనసమ్మా అంటారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా గుండె మీద సన్నెకల్లు పెట్టినట్టుంటుంది. ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మావారికి చెప్పలేదు. గుడి నడిచిపోయేంత దూరంలోనే ఉన్నా దేవుడికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

ముందు బాత్రూం సంగతి చెప్పాలి. చెప్పేటప్పుడు నా మాటల్లో గర్వం వినబడుతుంది. వినబడనివ్వండి. అది గర్వపడాల్సిన బాత్రూమే.

ఎనభైల నాటి మాట. భద్రాచలంలో చర్ల వైపు పోయే రోడ్డు మీద మా ఇల్లు. మావారు రోజూ వంతెన దాటి సారపాకలో మిల్లు పనికి సైకిల్ మీద పోయేవారు. ఇంటి వెనక స్నానాలకు ఒక గది ఉండేది. గది అనడం మర్యాదకే. మూడు పక్కల గోడ, నాలుగో పక్క గోనెపట్టా, పైన ఆకాశం. మరుగుదొడ్డి అసలే లేదు. తెల్లవారకముందే చెంబు పట్టుకుని జామాయిల్ తోటలోకి పోవడమే. ఇక సీతారాముల కళ్యాణానికి చుట్టాలంతా మా ఇంటికే దిగేవాళ్లు. ఒక ఏడు మా పెద్దాడబిడ్డ స్నానం చేస్తుంటే గాలికి గోనెపట్టా లేచిపోయింది. ఆవిడ నవ్వేసి ఊరుకుంది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. వచ్చే కళ్యాణానికల్లా మా ఇంట్లో బాత్రూం ఉండి తీరాలనుకున్నాను.

ఉన్నచోటే గోడలు లేపి, పైకప్పు వేసి, వెనక గుంత తవ్విద్దామన్నారు మావారు. నేను వినలేదు. ప్లాను నేనే వేస్తానన్నాను. వేశాను కూడా. ముగ్గుపిండితో వాకిట్లో గీతలు గీసి, మధ్యలో నిలబడి ఉత్తుత్తి చెంబుతో నీళ్లు పోసుకుని చూసుకున్నాను. మోచెయ్యి ఎక్కడ తగులుతుంది? విడిచిన చీర ఎక్కడ వేయాలి? సున్నిపిండి డబ్బా ఎక్కడ పెట్టాలి? తడి కాలు జారకుండా నేల ఎటు వాలాలి? చూసినవాళ్లు పిచ్చి పట్టిందనుకున్నారు. మేస్త్రీ మొదట నవ్వాడు, తర్వాత నేను గీసిన గీతల మీదే పునాది తీశాడు. ఖమ్మం నుంచి తెల్ల టైల్స్ బస్సు మీద వేయించుకుని తెచ్చాను. వీధి వైపు గోడకు పూల డిజైన్ సిమెంటు జాలీ పెట్టించాను. ఇప్పటికీ ఆ నేల మీద చుక్క నీరు నిలవదు.

వీధి వైపు అన్నాను కదా. తప్పు అక్కడుంది.

మా ఇల్లు ఉత్తరం ముఖం. పడమటి పక్కిల్లు ఖాదర్‌ది. వాళ్ల వాకిట్లో, మా ప్రహరీని ఆనుకునే బావి. ఆ బావి నీళ్లతోనే ఖాదర్ గోలీసోడా చేసేవాడు. చర్ల బస్సు ఆగితే చాలు, జనం దిగి సోడా తాగాకే మళ్లీ ఎక్కేవాళ్లు. ఆ నీళ్లకు అంత రుచి. సిద్ధాంతిని అడిగితే మరుగుదొడ్డికి ముందు వాయవ్య మూలైనా, వెనక ఆగ్నేయమైనా పనికొస్తుందన్నాడు. నేను మాత్రం అందరికీ వాయవ్యంలోనే కట్టాలన్నాడని చెప్పాను. మా వాయవ్యమూ వాళ్ల బావి ఉన్న ఈశాన్యమూ ఒకే గోడకు అటూ ఇటూ. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. వెనక కడితే ఎవరు చూస్తారు? నా టైల్స్, నా జాలీ, నేను గీసిన ప్లాను, రోడ్డు మీద పోయేవాళ్లంతా చూడాలి. అంతే. అంతకు మించిన కారణం ఏదీ లేదు. ఆ మూలనే గుంత తవ్వించి, సిమెంటు వరలు దింపి, నీళ్లు ఇంకిపోవాలని అడుగున సిమెంటు వేయించకుండా మట్టిగానే వదిలేయించింది కూడా నేనే.

కళ్యాణానికి చుట్టాలొచ్చారు. మా పెద్దాడబిడ్డ తలుపు గడియ వేసుకుని బయటికి రావడమే మరిచిపోయింది. ఖాదర్ భార్య రజియా టైల్స్ మీద అరచేయి పెట్టి చూసి, ఇది బాత్రూం కాదక్కా, పెళ్లికూతురి గది అంది. ఆ రోజు నేను నేల మీద నడవలేదు.

ఆ వానాకాలం గోదావరి పొంగింది. మా వీధి దాకా రాలేదుగానీ ఊళ్లో బావులన్నింట్లో ఊట పైకొచ్చింది, నీళ్లు చెడ్డాయి. బ్లీచింగ్ వేశారు, తోడించారు. చలికాలానికి అందరి బావులూ తేరుకున్నాయి. ఖాదర్ బావి తేరుకోలేదు. ఒకనాడు బస్సు దిగిన మనిషి సోడా నోట్లో పోసుకుని అక్కడే ఉమ్మేశాడు. వాసనొస్తోందని నలుగురిలో అరిచాడు. ఆ మాట బస్సుతో పాటే చర్ల దాకా పోయింది.

మర్నాడు రజియా మా గుమ్మం దగ్గర నిలబడింది.

"అక్కా, ఒక మాట అడుగుత, ఏమనుకోవద్దు. మీ గుంత నీళ్లు గిట్ల మా బాయిల దిగుతున్నయా ఏంది?"

"నీకేమన్న పిచ్చా రజియా? మాది పక్కా సిమెంటు గుంత. అది వరద ఊట. ఎండలొస్తే అదే పోతది."

"అవ్ అక్కా. నువ్వు చెప్తున్నవంటే గంతే అయి ఉంటది. ఆయనే ఊకె గులుగుతున్నడు."

అబద్ధం ఆడటానికి నేను క్షణం కూడా తడుముకోలేదు. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది. నిజం చెబితే ఏమయ్యేది? గుంత పూడ్చి, నేల పగలగొట్టి, గొట్టం వెనక్కి వేసుకోవాల్సి వచ్చేది. టైల్స్ పోయేవి. ఊరంతా మెచ్చుకున్న ప్లాను తప్పని ఊరంతటికీ తెలిసేది. దానికి నా ప్రాణం ఒప్పలేదు. వాళ్ల బతుకు ఆ బావిలో ఉందని తెలిసి కూడా ఒప్పలేదు. బదులుగా కుళాయి నీళ్లు పట్టుకోమన్నాను. మంచితనమా అది? కాదు, నోరు మూయించడం. ఆమె బిందె నిండుతుంటే పక్కన నిలబడి, పొయ్యి మీద కూర గురించి మాట్లాడేదాన్ని.

ఖాదర్ ఆ కుళాయి నీళ్లతోనే సోడా చేసి చూశాడు. పోయిన పేరు తిరిగి రాలేదు. ఎండలొచ్చాయి, బావి బాగుపడలేదు. చివరికి మెషీను అమ్మేసి, బావి మీద బండలు పరిచి, ఖమ్మంలో బావమరిది సైకిల్ షాపులో పనికి పోయాడు. తన పేరున్న సోడా చేసిన మనిషి పోయి ఒకరి కింద పంక్చర్లు వేసుకున్నాడు. పోయే రోజు రజియా వీధిలో అందరి ముందూ నన్ను కావలించుకుని, మీ నీళ్లు తాగే బతికినం అక్కా అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చూసినవాళ్లు మా స్నేహానికి కళ్లు తుడుచుకున్నారు. నాకు మంచి పేరు వచ్చింది ఆ రోజే.

తర్వాత నేల పగలగొట్టించి గుంతను వెనక్కి మార్పించాను, అవే టైల్స్ మళ్లీ తెప్పించి వేయించాను. ఎవరూ కారణం అడగలేదు. బాత్రూం మాత్రం అక్కడే ఉంది. ఈ వీధిలో తర్వాత కట్టినవాళ్లంతా దాన్ని చూసే కట్టుకున్నారు. ఆ మాట ఎవరన్నా అంటే నా తల ఇప్పటికీ పైకి లేస్తుంది. లేవకూడదా? ఏమో. నేను అబద్ధం చెప్పను, లేస్తుంది.

రజియా ఖమ్మంలోనే ఉందని విన్నాను. ఎన్నోసార్లు బస్సెక్కాను, వాళ్ల వీధి మొదట్లోంచే తిరిగి వచ్చాను. ఆమె క్షమిస్తే భరించలేను, క్షమించకపోయినా భరించలేను. ఇక పోతానని కూడా మీకు మాటివ్వను. ఆ రోజు గుమ్మంలో అనాల్సిన మాట మాత్రం ఒక్కసారి అంటాను.

అవ్ రజియా, మా గుంత నీళ్లే. నాకప్పుడే తెలుసు.