ఎర్ర బల్బు వెలిగినంతసేపు

2022 వానాకాలం. కోరుట్లలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం నాది. ఎముకలు చూసే పనిలో ముఖాలు పెద్దగా గుర్తుండవు. ఆ రోజు వచ్చిన మొగుడి ముఖం మాత్రం గుర్తుంది, ఎందుకంటే మా సిస్టర్లందరూ అతన్ని చూసి మురిసిపోయారు. చెయ్యి వాచిన భార్యను ఆటోలోంచి మెల్లగా దింపి, చెప్పులు తనే విప్పి, కొబ్బరిబొండం పట్టుకొని వెనకాలే నిలబడ్డాడు.

"మొగడంటే గిట్లుండాలె" అంది ఒక సిస్టర్, తన మొగుణ్ని తలుచుకొని.

భార్య పేరు స్వప్న. బీడీలు చేస్తుంది.

"ఏమైందమ్మా?" అని ఆమెనే అడిగాను.

"బాత్రూంల జారిపడ్డది మేడం" అన్నాడతను.

"ఎప్పుడు?"

"పొద్దుగాల" అన్నాడు, మళ్లీ అతనే. ఆమెకు నోరుందో లేదో తెలుసుకోవడానికి మా దగ్గర మిషన్ లేదు.

నొప్పితో చెయ్యి నిలపలేనివాళ్లను ఇంటివాళ్లు పట్టుకోవడం మా దగ్గర మామూలు. పట్టుకునేవాళ్లకు లెడ్ ఏప్రన్ ఇస్తాం. కిరణాలు తగలకుండా సీసం పెట్టి కుట్టిన బరువైన కోటు అది. అతను దాన్ని తల మీదుగా వేసుకుందామని చేతులు పైకెత్తాడు.

స్వప్న వాచిన చెయ్యి దానంతటదే లేచి ముఖానికి అడ్డం పడింది. అతను నవ్వాడు.

మాటకు మాట అందించడంలో నాకు కొంచెం పేరుంది. "మీకెందుకు సార్ రేడియేషన్, బయట కూసోండి" అని పంపి, తలుపు మూసి ఎర్ర బల్బు వేశాను. అది వెలిగితే ఎవరూ లోపలికి రాకూడదు. ట్రాఫిక్ పోలీసును లెక్కచేయనివాళ్లు కూడా దానికి ఆగుతారు.

ఫిల్ములో మణికట్టు బాగానే ఉంది. అల్నా, అంటే చిటికెనవేలు వైపు ఉండే ఎముక, నడుమ విరిగింది. జారినవాళ్లు అరచేయి ఆనించి పడతారు, ఎక్కువగా మణికట్టే విరుగుతుంది. దెబ్బకు చెయ్యి అడ్డం పెడితే విరిగేది ఈ ఎముక. అయినా ఎముక ఒక్కదాన్నే నమ్మకూడదు, మనిషిని అడగాలి.

"ఇంట్ల నిన్నెవరన్న కొడుతున్నరా?"

ఆమె తలుపు వైపు చూసింది. "ఆయనకు ఇనవడ్తదా?"

"గీ తలుపుల సీసమున్నది. ఎక్స్‌రేనే దాటది, మాటెట్ల దాటుతది?"

"రోకలితోటి కొట్టిండక్కా. అన్నంల ఎంటిక అచ్చిందని."

మా క్యాంటీన్ అన్నంలో నాకు తరచూ వెంట్రుక వస్తుంది. ఇంతవరకు ఎవరి చెయ్యీ విరగలేదు.

"నీ మాట నమ్ముతున్న. తప్పు నీది కాదు. ఏం చేద్దామో నువ్వే చెప్పు" అన్నాను.

"బిడ్డ బడిల ఉన్నది. నేను నోరిప్పిన్నని తెలిస్తే ముందుగాల దాన్నే గుంజుకపోతడు. నా ఫోన్ గూడ ఆయన జేబులనే ఉన్నది."

నా ఫోన్ ఇచ్చాను. వాళ్లన్న నంబరు కంఠతా వచ్చు ఆమెకు. "అన్నా, రుద్రంగి నుంచి ఇప్పుడే బయల్దేరు. బడికి పోయి బిడ్డను తీస్కపో. నా సంగతి తర్వాత."

తలుపు మీద కొట్టాడతను. కొంచెం తెరిచి, "చెయ్యి కదిలింది సార్, మళ్ల తియ్యాలె" అన్నాను.

"బంగారం, కదలకుండ ఉండవే" అన్నాడు తీయగా. ఆమె గోడకు అతుక్కుపోయింది.

మళ్లీ ఏమీ తీయలేదు. బల్బు మాత్రం వెలుగుతూనే ఉంది. లోపలి నుంచే డాక్టరుకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. వాపు తగ్గేదాకా కట్టు వేయలేమని ఆయన ఆమెను ఆడవాళ్ల వార్డులో ఉంచారు. అక్కడికి మగవాళ్లను రానివ్వరు.

మధ్యాహ్నం వాళ్లన్న ఫోన్ చేశాడు. పరుగున వార్డుకు పోయి, "బిడ్డ మీ అన్న దగ్గరున్నది" అన్నాను.

స్వప్న కళ్లు మూసుకుంది. "అక్కా, ఆకలైతుంది" అంది. తిన్నాక, పోలీసులకు చెప్పమని తనే అంది. వాళ్లు వచ్చేసరికి అతను బయట బెంచీ మీద ఇంకో బొండంతో కూర్చున్నాడు.

ఆ తర్వాత వచ్చిన ప్రతి ఆడమనిషినీ, వెంట వచ్చినవాళ్లను బయటికి పంపి, అదే మాట అడుగుతున్నాను. స్వప్న ఒక్కతే అయ్యుంటుందనుకున్నాను. కాదు.

మా మిషన్ చాలా స్లో అని బయట జనం గొణుగుతుంటారు. మిషన్ మంచిదే.