లారీలకు వెదురు అడ్డం పెట్టిన సర్పంచమ్మ

మా సర్పంచమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను మణుగూరు బస్టాండులో ఉన్నాను. భద్రాచలం దవాఖానాలో తెల్లవారుజామున ప్రాణం విడిచిందట. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆమె శవం ఊరికి చేరకముందే, ఇన్నేళ్లూ ఆమెను గుమ్మాల ముందు కూర్చోబెట్టిన పెద్దమనుషుల సంతాపాలు మా ఫోన్లకు చేరిపోయాయి. చేతులు జోడించిన బొమ్మలు, పూలదండల బొమ్మలు. బతికుండగా ఆమె వాళ్లను అడిగింది ఒక్క మాట రాయమని. దానికి వాళ్లకు తీరిక దొరకలేదు. అదేం మాటో మీరైనా తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను.

ఆమె కోయ ఆడమనిషి, మా అడవి అంచు ఊరికి ఒకప్పటి సర్పంచి. పదవి పోయినా పిలుపు పోలేదు. వరసకు నాకు మేనత్తే, అయినా నేనూ సర్పంచమ్మా అనే పిలిచేదాన్ని. మీటింగుల్లో కుర్చీ వేస్తే వద్దని వెళ్లి గడప మీద కూర్చునేది. ఆమె మాట పూర్తయ్యేదాకా ఏ ఆఫీసరూ లేచి పోలేడు, పోవాలంటే ఆమెను దాటాలి మరి. చెవి మీద ఎప్పుడూ ఒక చుట్ట ఉండేది. అది వెలిగించిందంటే మీటింగు అయిపోయినట్టే.

విదేశీ కంపెనీ ఒకటి మా ఊరి పక్కన బూట్లు కుట్టే ఫ్యాక్టరీ పెడతానన్నప్పుడు గ్రామసభను ఒప్పించింది ఆమే. "మన పిల్లలు మిర్చి కోతలకు వైరా దిక్కు పోయి పాకల్ల పండే బాధ తప్పుతది" అంది. ఊరి పశువులు మేసే భూమి ఇచ్చాం. సర్కారు కరెంటులో రాయితీ, పన్నుల్లో మాఫీ ఇచ్చింది. నేనూ అక్కడే కుట్టు నేర్చుకున్నాను. కొన్నేళ్లు బాగానే గడిచాయి, అబద్ధమెందుకు. తర్వాత రాయితీల గడువు తీరింది. వేరే దేశంలో ఇంతకంటే ఎక్కువ ఇస్తున్నారట. ఫ్యాక్టరీ అక్కడికి పోతోంది, వచ్చే నెల నుంచి మీకు పని లేదని సూపర్‌వైజరు మైకులో చెప్పాడు.

సర్పంచమ్మ మమ్మల్ని వెంటేసుకుని జిల్లా ఆఫీసుకు పోయింది.

"పరిశ్రమ వస్తే ఏమియ్యాలో పాలసీలో ఉందమ్మా. పోతే ఏం చెయ్యాలో లేదు" అన్నాడు ఆఫీసరు. మంచివాడే, మాకు మంచినీళ్లు కూడా ఇప్పించాడు.

"పక్కింటికి రోకలిచ్చినా మల్ల తెచ్చియ్యమని చెప్తం గద సారూ. గంత భూమిచ్చి గా ముక్క చెప్పలేదా మీరు?"

"అట్లా రాస్తే కంపెనీలు భయపడతాయమ్మా. ఎవరూ రారు."

"ఏంది సారూ, దొంగ భయపడతడని మేం ఇంటికి తలుపే పెట్టుకోవద్దా? పోయేటోడు భూమి ఊరికియ్యాలె, మిషన్లు పని చేసినోళ్లకు ఇడిసిపోవాలె. గా ఒక్క మాట రాయండ్రి."

ఆమె అడిగింది అదే. చచ్చేదాకా అదే అడిగింది.

కంపెనీ మిషన్లు తీసుకుపోవడానికి లారీలు ఎప్పుడు తెచ్చిందనుకున్నారు? సరిగ్గా విత్తనాలకు ముందు మేం చేసుకునే భూమి పండుగ రోజుల్లో; విత్తుకోవడానికి పూజారి సెలవిచ్చేదాకా అది నడుస్తుంది. ఆ పండుగ వాళ్ల క్యాలెండరులో లేదు. మగవాళ్లంతా వేటకు పోతారు, ఊరు ఖాళీగా ఉంటుందని ఎవరో చెప్పి ఉంటారు. ఆడవాళ్లు ఏం చేస్తారో చెప్పినట్టు లేదు. ఆ రోజుల్లో మేం దారికి అడ్డంగా వెదురు బొంగు పట్టుకుని, పాటలు పాడుతూ, వచ్చేపోయే బండ్లను ఆపి పండుగ మామూలు అడుగుతాం. ఇచ్చేదాకా బొంగు లేవదు.

మొదటి లారీ డ్రైవరు నవ్వుకుంటూ నోటు చాపాడు. సర్పంచమ్మ దాన్ని ముట్టుకోలేదు.

"పైసలొద్దు బిడ్డా. మిషన్లు దించు."

"నేను కిరాయికొచ్చినోణ్ణి అమ్మా. నన్నేం జెయ్యమంటవ్?"

"అందుకే నిన్ను తిడతలేను. దిగు, అన్నం తిను. నిన్ను పంపినోని తాడు తెగ!"

వెనక లారీలన్నీ ఆగిపోయాయి. పోలీసులు వచ్చి పండుగ ఎప్పుడైపోతుందని అడిగారు. "పూజారి చెప్పాలె" అంది. పూజారి ఆమె సొంత మరిది. పొద్దున్నే బయటికొచ్చి, మబ్బు దిక్కు చూసి, "ఇత్తనాలకు ఇంకా సెలవు కాలే" అని మళ్లీ ఇంట్లోకి పోయేవాడు. అంత పొడుగు పండుగ మా ఊళ్లో మళ్లీ జరగలేదు. చివరికి పెద్దాఫీసరే దిగివచ్చాడు. కొత్త రూలు వచ్చేదాకా మిషన్లు ఊరు దాటవని గ్రామసభలో ఒప్పుకుని, వాటిని ఆశ్రమ పాఠశాల పాత హాల్లో దింపించాడు. వాటి మీదే మేం ఈనాటికీ హాస్టలు పిల్లలకు బూట్లు కుడుతున్నాం. మా నోటికాడి కూడు లాక్కుని పోదామనుకున్నవాళ్ల మిషన్ల మీదే మా కూడు సంపాదించుకుంటున్నామని తలుచుకుంటే నాకు కడుపు చల్లబడుతుంది. దీన్ని పగ అంటే అనండి.

రూలు మాత్రం రాలేదు. దవాఖానాలో మంచం పక్కన కూర్చుని, "మనకు మిషన్లు దక్కినయ్ గద సర్పంచమ్మా, ఇంక మనసుల పెట్టుకోకు" అన్నాను. ఆమె నన్ను కొట్టేటట్టు చూసింది.

"మనకు పండుగుంది, వెదురుంది. అవి లేని ఊరోళ్లేం జెయ్యాలె? గందుకే రూలు గావాలె. రాసేదాక గా ఆఫీసర్లను ఇడవకు."

ఆమె దినాలు అయిపోయిన వారానికి తెలిసింది. అదే కంపెనీ పేరు మార్చుకుని పక్క మండలంలో ఒక ఊరి భూమి అడుగుతోందని. సర్కారు కొత్త రాయితీలు ప్రకటించింది కదా, వాసన పట్టి వచ్చింది. గ్రామసభకు ముందురోజే మేం ఆడవాళ్లం ఆ ఊరికి పోయి, ఇల్లిల్లూ తిరిగి, జరిగిందంతా చెప్పాం. సభలో ఆఫీసర్ల పక్కన మా పాత మేనేజరే కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి మొహం తిప్పుకున్నాడు. ఆ క్షణం కోసమే పోయానేమో అనిపించింది.

"పోయేటప్పుడు ఏమిడిసిపోతరు?" అని ఆ ఊరి ముసలావిడ ఒకామె అడిగింది.

అది పాలసీలో లేదన్నాడు ఆఫీసరు.

"అయితే రాసుకొని రాండ్రి. గప్పుడు భూమి మాట."

భూమి ఇవ్వడం ఇష్టమున్నవాళ్లను చెయ్యెత్తమన్నారు. అంత మందిలో ఒక్క చెయ్యీ లేవలేదు. మేనేజరు మాత్రం, పంచిపెట్టడానికి తెచ్చిన లడ్డూల మీద ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు.