ఇవొనేటి అరువిచ్చిన పేరు

మా సబియా కొండ మీద ఎవరికైనా ఫ్రిజ్ కావలసివస్తే ముందు దుకాణానికి పోరు, ఇవొనేటి ఇంటికి పోతారు. ఆమె దగ్గర డబ్బుండి కాదు, పేరుండి. వాయిదాలు ఎగ్గొట్టి పేరు మాసినవాళ్ళకి ఏ కొట్టువాడూ అప్పివ్వడు. బడిలో వంటచేసే ఇవొనేటి మాత్రం ఎవరికీ పైసా బాకీ పడని మనిషి. అందుకని పక్కింటావిడ కుట్టుమిషను, చెల్లెలి ఫ్రిజ్, తమ్ముడు అడెల్మో మోటారుబండి, అన్నీ ఆమె పేరు మీదే వచ్చాయి.

"నీ పేరేమన్నా వీధి కొళాయా తల్లీ, వచ్చినవాళ్ళందరూ పట్టుకుపోతున్నారు?" అని ఎదురింట్లో ఉండే నేనే ఎన్నిసార్లు తిట్టానో.

"వాడితే పేరు అరిగిపోద్దా ఏంటి?" అని నవ్వేది.

అలాంటి మనిషి జీవితమంతా అద్దె గదుల్లోనే గడిపింది. మేకు కొట్టాలన్నా ఇంటివాణ్ణి అడగాల్సిందే. యాభై ఎనిమిదో ఏట, మెట్లదారి చివర రెండు గదుల ఇల్లొకటి అమ్మకానికొచ్చింది. పెరట్లో జామచెట్టు. ఇవొనేటి దాచుకున్నదంతా ఊడ్చి బయానా ఇచ్చింది, మిగతాది వాయిదాల మీద సర్దింది. శుక్రవారం లోపల రిజిస్ట్రేషన్ కాకపోతే బయానా పోతుందని కాగితంలో రాసుకున్నారు. ఇల్లు చేతులు మారితే నగరపాలిక పన్ను వేస్తుంది. అయితే తన పేరున ఎన్నడూ ఇల్లు లేనివాళ్ళకి ఆ పన్ను మాఫీ. ఇవొనేటి ధైర్యమంతా ఆ మాఫీ మీదే. పన్నుకని విడిగా ఏమీ మిగల్చలేదు.

సోమవారం నగరపాలిక ఆఫీసుకి నేనూ తోడు వెళ్ళాను. కిటికీ వెనక గుమాస్తా కంప్యూటరులో చూసి, "అమ్మా, మీకు ఇల్లుంది కదా" అన్నాడు.

"ఎవరికి, నాకా?" ఇవొనేటి నవ్వేసింది.

"వాగు పక్క సందులో. పద్దెనిమిదేళ్ళ కిందటిది."

"అయ్యో, అది మా తమ్ముడిదండీ! అప్పుడు వాడి పేరు మాసిపోయుంటే నా పేరు అరువిచ్చాను. వాయిదాలన్నీ వాడే కట్టుకున్నాడు."

"కట్టింది ఎవరైనా పేరు మీది. మాఫీ రాదమ్మా." ఆమె మొహం చూసి జాలిపడ్డాడో ఏమో, గొంతు తగ్గించాడు. "అసలు మీకెందుకు కంగారు? చట్టప్రకారం ఆ ఇల్లు మీదే. ఖాళీ చేయించి అమ్మేయండి. ఇలాంటివి రెండు కొనుక్కోవచ్చు."

నాకు ఒళ్ళు మండింది. ఇవొనేటి మాత్రం కాగితాలు సంచిలో సర్దుకుంది. బస్సులో దారంతా సంచి ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుపోయింది. ఆమెకు ఆ ఇల్లు నిజంగానే గుర్తురాలేదు. తమ్ముడుండే ఇల్లు తమ్ముడిదే అనుకోవడం తప్పెలా అవుతుంది? మంచికి పోతే చెడెదురైందంటే ఇదే.

మంగళవారం బడిలో చిక్కుళ్ళు మాడగొట్టింది. ఇరవయ్యేళ్ళలో ఎన్నడూ జరగలేదది. సాయంత్రం మా గుమ్మంలో కూలబడి, "నేను అబద్ధమాడానని కేసు పెడతారా? బయానా పోతే మళ్ళీ ఈ జన్మలో ఇల్లు కొనగలనా?" అని అడిగిందే అడిగింది. మా ఆయన లోపల్నుంచి, "ఆ గుమాస్తా చెప్పింది చెయ్యమను" అన్నాడు. నోరుముయ్యమన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ మాట నా మనసులోనూ ఒకసారి మెదిలింది.

మా కొండ మీద మాట మనిషికంటే ముందు నడుస్తుంది. బుధవారం మేము అడెల్మో ఇంటికి వెళ్ళేసరికి గోడ పక్కన మూటలు కట్టి ఉన్నాయి. వాడి పెళ్ళాం దల్వా కళ్ళొత్తుకుంటూ కాఫీ తెచ్చింది. అడెల్మో కూర్చోలేదు.

"అక్కా, ఎప్పటికి ఖాళీ చెయ్యమంటావు?"

ఇవొనేటి మూటల వంక చూసింది. "ఎవర్రా నిన్ను పొమ్మంది?"

"ఇల్లు నీ పేరు మీదుంది కదక్కా. నువ్వొచ్చిన ప్రతిసారీ ఖాళీ చెయ్యమంటావేమోనని భయం. నా పేరుకి మార్పించుకుంటానని అడిగితే కోపమొస్తుందేమోనని ఇంకో భయం."

"పద్దెనిమిదేళ్ళా?"

వాడు తలూపాడు. ఇవొనేటి కాఫీ కప్పు కింద పెట్టింది. తర్వాత చాలా నెమ్మదిగా అడిగింది.

"మరి ఏటా జూన్ పండక్కి మొక్కజొన్న కుడుములు మొదటి వాయి నాకే తెచ్చేవాడివి. అదీ భయంతోనేనా?"

అడెల్మో నేల చూశాడు. "ప్రేమ లేక కాదక్కా. భయం కూడా ఉండేది."

ఆ మాట ఆమెకు పన్నుకంటే గట్టిగా తగిలింది. నాకు తెలుసు, ఆ కుడుముల్ని చుట్టిన ఆకు విప్పకుండా అందరికీ చూపించి మురిసిపోయేది. కళ్ళు తుడుచుకుని లేచింది.

"మూటలు విప్పండెహె. శుక్రవారం నాతో రా. నీ ఇల్లు నీ పేరున రాయించుకో. నీకైతే మాఫీ వస్తుంది, వెధవా, నీకెన్నడూ ఇల్లు లేదుగా!"

"మరి నీ పన్ను?"

"అదే తెలీడం లేదు."

అడెల్మో గభాల్న అన్నాడు. "నా బండి అమ్మేస్తానక్కా."

"ఎలా అమ్ముతావురా? అదీ నా పేరు మీదే!"

ఏడుస్తున్న దల్వాకి కూడా నవ్వొచ్చింది. గురువారం ఇవొనేటి సంతకంతో బండి కొండ దిగిపోయింది. ఇక అడెల్మో పనికి రెండు బస్సులు మారాలి.

శుక్రవారం అదే కిటికీ, అదే గుమాస్తా. మధ్యాహ్నం మూసేస్తారేమోనని నేను గోడగడియారం చూస్తూనే ఉన్నాను. గుమాస్తా ముందు అడెల్మో కాగితాలు చూశాడు.

"మీకిదే మొదటి ఇల్లా?"

"మొదటిదేనండీ" అన్నాడు అడెల్మో. ముద్ర పడింది, మాఫీ.

"మీకమ్మా?"

అప్పటిదాకా సొంత తాళంచెవి ఎరగని ఇవొనేటి తమ్ముడి వంక చూసి, మెడ నిటారుగా పెట్టింది.

"నాకిది రెండోదండీ" అంది. అక్క పన్నుకని అడెల్మో బండి అమ్మిన డబ్బు కిటికీలోకి తోశాడు.